రెండు వేళ్ల ఖాళీ

ఆ సోమవారం పొద్దున నా బల్ల మీదకు వచ్చిన సర్క్యులర్‌ను సీసాల మాస్టారికి చూపించకుండా నాలుగు రోజులు సొరుగులో పెట్టి ఉంచాల్సిందా? ఈ ప్రశ్నకు నాకు ఇంతవరకూ జవాబు దొరకలేదు. ఉద్యోగం మానేసి పదిహేనేళ్లయింది. అప్పటి నుంచి చదువుకోవడం తప్ప నాకు వేరే పని లేదు. ఏ పుస్తకం తెరిచినా అందులో ఎవరైనా ఇలాంటి చోట చిక్కుకుని ఉంటారేమో, ఏం చేశారో చూద్దామని ఒక కన్ను వేసే ఉంచుతాను. ఇంతవరకూ కనపడలేదు.

ఆయన ఎవరికీ పాఠాలు చెప్పిన మాస్టారు కాదు. ఫ్యాక్టరీలు వదిలే నీళ్ల మీద కన్నేసి ఉంచే ప్రభుత్వ శాఖ ఒకటుంది. మాది అందులో చిన్న ఆఫీసు. నాలుగు గదులు, ఒక జీపు, ఒక ఇంజనీరుగారు, డ్రైవరు, టైపు కొట్టడానికి నేను. నీళ్లు పట్టి సీసాలు పంపడం ఆయన పని. ఆ సీసాల విషయంలో ఆయన పెట్టే చాదస్తం చూసి ఎవరో మాస్టారు అన్నారు. ఆ పేరే ఉండిపోయింది.

సీసాలు వేరేవాళ్లు కడిగితే ఆయనకు నచ్చేది కాదు. వెనక వసారాలో కుళాయి దగ్గర పీట వేసుకుని కూర్చుని ఒక్కొక్కటీ కడిగి, వెలుతురుకు ఎత్తి పట్టి, ఒక కన్ను మూసి చూసేవారు. తీరా ఫ్యాక్టరీ కాలువ దగ్గరకో బావి దగ్గరకో వెళ్లాక, అక్కడి నీళ్లతోనే మళ్లీ మూడుసార్లు కడిగి పారబోసి, నాలుగోసారి నింపేవారు. నింపడం కూడా అంచుదాకా కాదు. మెడ దగ్గర రెండు వేళ్ల ఖాళీ వదలాలి. ల్యాబ్‌లో సీసాను ఊపితే నీళ్లు బాగా కలవడానికి ఆ ఖాళీ. చూపుడువేలూ మధ్యవేలూ కలిపి సీసా మెడ మీద అడ్డంగా పెట్టి కొలిచి, ఖాళీ ఎక్కువైతే కొంచెం పోసి, తక్కువైతే కొంచెం ఒంపి, అప్పుడు మూత బిగించి, దారం కట్టి, లక్క సీలు వేసేవారు. చీటీ మీద ముత్యాల్లాంటి అక్షరాలు. వారానికోసారి చెక్కపెట్టెలో సీసాలు పెద్ద ల్యాబ్‌కు వెళ్లేవి. ఇరవై రెండేళ్లలో ఒక్క సీసా కూడా ‘సరిగా తీయలేదు’ అని తిరిగి రాలేదు. ఆయనకు గర్వమంటూ ఉంటే అదొక్కటే.

"గురువుగారూ, పెళ్లికి ముందు వదినగారిని కూడా ఇంత పరీక్షగా చూసి ఉండరు మీరు" అనేవాడు డ్రైవరు, ఎండలో జీపు దగ్గర నిలబడలేక.

"పరీక్షగా చూసింది ఆవిడేరా. నేను తల వంచుకుని కూర్చున్నా."

"పాసయ్యారా మరి?"

"ఇప్పటికీ రిజల్టు చెప్పలేదు."

మా ఆఫీసుకు దగ్గర్లో ఒక తాళాల ఫ్యాక్టరీ ఉండేది. ఇత్తడి ముక్కలు కోసి, సాన పట్టి, తాళాలు చేస్తారు. ముక్కల మీద పట్టిన నూనె జిడ్డు పోవడానికి వాటిని ఒక ద్రావకంలో ముంచి తీస్తారు. కడిగేందుకు వెనక ఒక రేకుల షెడ్డు ఉండేది. మురికిపట్టిన ద్రావకాన్ని ఆ షెడ్డు వెనక ఇసుక గుంటలో పోసేవారు. ఆ గుంటకు గోడ అవతల ఒక వీధి, ఇరవై ఆరు ఇళ్లు, వీధి మధ్యలో ఒక బావి. ఆ వీధిలో పదో ఇల్లు మాస్టారి చెల్లెలిది.

ఆవిడ పేరు చెప్పను. ఆయన చిట్టీ అనేవారు. భర్త పోయాక బట్టలు కుట్టుకుని బతికింది. పిల్లలు లేరు. బావినీళ్లు ఒక వాసన వేస్తున్నాయని మొదట చెప్పింది ఆవిడే. బట్టల మీద మరకలు తీసే మందు వాసన, తియ్యగా, తల పట్టేసినట్టు. మాస్టారు వెళ్లి వాసన చూశారు, నిజమే. సీసా నింపి పంపారు. ‘పరిమితుల లోపల’ అని వచ్చింది. ఎందుకు రాదు? అప్పట్లో ల్యాబ్ వాళ్లు చూసే జాబితాలో పదకొండు అంశాలే. పులుపు, ఉప్పు, నూనె, మడ్డి ఇలాంటివి. ఆ ద్రావకం జాబితాలో లేదు. లేనిదాన్ని ఎవరూ వెతకరు.

అప్పుడు ఆయన అర్జీలు మొదలుపెట్టారు. ఆ ద్రావకాన్ని పన్నెండో అంశంగా చేర్చాలని. నేనే టైపు చేసేదాన్ని. ‘తమరి సూచన పరిశీలనలో ఉన్నది’ అని సమాధానం వచ్చేది. ఆ వాక్యం నాకు కళ్లు మూసుకుని కొట్టడం వచ్చేసింది.

"పరిశీలనలో ఉందంటే ఏమిటి గురువుగారూ?"

"చూస్తున్నారని."

"మా పెదనాన్న ఆసుపత్రిలో మూడు నెలలు పరిశీలనలోనే ఉన్నాడు. ఆఖరికి దుప్పటి కప్పి ఇచ్చారు."

తొమ్మిది అర్జీలు. ఆరేళ్లు. ఆయన వల్లేనా, ఇంకెక్కడైనా ఇంకెవరైనా అడిగారా నాకు తెలియదు, ఒకరోజు జాబితా సవరించి పంపారు. పన్నెండో వరస. ఆ కాగితాన్ని మాస్టారు నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకుని తిరిగారు. తిరిగి తిరిగి మడతల దగ్గర చిరిగిపోయింది.

అప్పటికి చిట్టి ఆ బావినీళ్లు తాగడం మానేసి రెండేళ్లయింది. రైలుగేటు దగ్గర కుళాయి నుంచి రెండు డబ్బాలు పొద్దున, రెండు సాయంత్రం మోసుకొచ్చుకునేది. పన్నెండో వరస కింద మొదటి సీసా ఆయన ఆ బావి నుంచే పట్టారు. మూడుసార్లు కడిగి, రెండు వేళ్లు కొలిచి. ఫలితం వచ్చింది: ‘కనపడలేదు.’ మరుసటి నెల మళ్లీ పట్టారు. కనపడలేదు. మూడో నెలా అంతే.

ఆ మూడో కాగితం తీసుకుని ఆయన చెల్లెలి ఇంటికి వెళ్లినప్పుడు నేనూ వెంట ఉన్నాను, జాకెట్టు కుట్టడానికి ఇద్దామని. ఆవిడ డబ్బాలు దించి నడుం పట్టుకుని నిలబడి ఉంది.

"ఇంక మొయ్యకు చిట్టీ. నీళ్లలో ఏమీ లేదు."

"వాసన వస్తోందిగా అన్నయ్యా?"

"వాసన వేరు, లెక్క వేరు. ముక్కు మోసం చేస్తుంది. సీసా చెయ్యదు."

"నువ్వు పట్టిన సీసాయేనా?"

"నా చేత్తో పట్టాను."

"అయితే ఇంకేం" అంది ఆవిడ. ఆ సాయంత్రం నుంచి ఆవిడ కుళాయికి వెళ్లలేదు. ఆవిడను చూసి వీధిలో తక్కినవాళ్లూ కుళాయికి వెళ్లడం మానేశారు. పరీక్ష చేసేవాడి చెల్లెలే తాగుతుంటే మనకేం భయం అనుకున్నారు. అనుకోవడంలో తప్పేముంది?

ఇలా ఎనిమిదేళ్లు. నెలకో సీసా. తొంభై ఆరు కాగితాలు, తొంభై ఆరుసార్లు ‘కనపడలేదు.’ అన్నీ నేనే టైపు చేశాను, అన్నింటి కిందా ఆయన సంతకం.

ఈలోగా చిట్టి చిక్కిపోయింది. కళ్లు పచ్చబడ్డాయి. కాలేయం దెబ్బతిందన్నారు, ఎందుకో డాక్టరు చెప్పలేదు. వీధిలో ఇంకా నలుగురైదుగురికి ఇలాంటివే. ఫ్యాక్టరీవాళ్లు రేకుల షెడ్డు పీకేసి, గుంట పూడ్చి, మీద సిమెంటు పోసి, కడిగే పని వేరే ఊరికి మార్చేశారు. అది జరిగిన రెండేళ్లకు వీధివాళ్లు అందరూ కలిసి విచారణ కోరారు. బావి పాడైంది ఫ్యాక్టరీ వల్లేనని తేలితే, బావి మూయించి, పెద్ద పైపు నుంచి ప్రతి ఇంటికీ మంచినీళ్ల కుళాయి ఫ్యాక్టరీ వేయించాలి. తేలకపోతే ఫైలు మూసేస్తారు, అదే విషయం మీద మళ్లీ అడగడానికి ఉండదు. విచారణ గురువారం. సాక్షిగా మాస్టారిని పిలిచారు. ఆయన రిటైర్మెంటుకు నాలుగు నెలలుంది.

సర్క్యులర్ వచ్చింది ఆ సోమవారమే.

మా ఆఫీసులో ఏ సర్క్యులర్ వచ్చినా అందరికీ తిప్పి, మార్జిన్లో ‘చూశాను’ అని సంతకం పెట్టించి, ఫైలు చెయ్యాలి. నేను ఏది ఫైలు చేసినా ముందు చదువుతాను. చదవకుండా ఉండలేను. అది ఒకటిన్నర పేజీ. ఎగిరిపోయే గుణమున్న ద్రావకాల కోసం నీళ్లు పట్టేటప్పుడు సీసాను ఆ నీటితో ముందుగా కడగరాదు. గాలిబుడగ కూడా మిగలకుండా అంచుదాకా నింపవలెను. వెంటనే మంచులో ఉంచవలెను. వచ్చే నెల ఒకటో తేదీ నుండి అమలు. ఇంతకుముందు తీసిన శాంపిళ్లకు ఇది వర్తించదు.

నాకు అర్థమైంది. అర్థమయ్యే ఇచ్చాను. ఇవ్వకపోవచ్చనే ఆలోచన ఆ క్షణంలో నాకు రాలేదు. సర్క్యులర్ అంటే తిప్పాలి, అంతే.

ఆయన నిలబడే చదివారు. మళ్లీ మొదటి నుంచి చదివారు.

"అమ్మాయ్, ఎగిరిపోయే గుణం అంటే?"

"సెంటు సీసా లాగా మాస్టారూ. లోపల ఖాళీ ఉంటే ఆ ఖాళీలోకి లేచి వచ్చేస్తుంది. మూత తీస్తే పోతుంది."

"మన సీసాలు ఎండలో జీపులో ఉంటాయి. వారం దాకా అలమరలో ఉంటాయి. ల్యాబ్‌లో మూత తీస్తారు."

ఆయన వేలు ‘అంచుదాకా’ అన్న మాట మీద ఆగింది.

"మరి ఎనిమిదేళ్లు నేను ఏం పంపినట్టు?"

ఆయన మార్జిన్లో ‘చూశాను’ అని రాసి సంతకం పెట్టారు. అక్షరాలు మామూలుగానే ఉన్నాయి.

ఇంజనీరుగారి గదిలోకి వెళ్లారు. తలుపు తీసే ఉంది. "జాబితాలో పేరు చేర్చినవాళ్లు పట్టే పద్ధతి మార్చడం ఎలా మరిచిపోయారండీ?" అని అడుగుతున్నారు.

"జాబితా చూసేది ఒక సెక్షను, పద్ధతులు చూసేది ఇంకో సెక్షను మాస్టారూ. ఇప్పటికైనా మార్చారు, సంతోషించండి."

"ఎనిమిదేళ్లండీ."

"మీరు రూలు తప్పారా? లేదు కదా. మీకేం ఇబ్బంది లేదు. గురువారం వెళ్లి సంతకాలు మీవేనని చెప్పి వచ్చేయండి."

మరునాడు ఆయన సెలవు పెట్టి, చెల్లెలి వీధికి వెళ్లి, బావిలో బొక్కెన వేశారు. చిన్న సీసా ఒకటి కొనుక్కెళ్లారు. కడగలేదు. నీటి ధార సీసా గోడకు తగిలేలా మెల్లగా అంచుదాకా నింపి, మూత బిగించి, తలకిందులు చేసి చూశారు. బుడగ ఉంటే పారబోసి మళ్లీ. చిట్టి అరుగు మీద కూర్చుని చూస్తూ ఉందట.

"ఇవాళేంటి అన్నయ్యా, కడగకుండా పడుతున్నావు?"

"కొత్త పద్ధతి."

"పాతది బాగానే ఉండేదిగా. శుభ్రంగా."

ఆ మాట ఆయనే నాకు చెప్పారు.

సీసాను మంచు నింపిన డబ్బాలో పెట్టుకుని, బస్సెక్కి, పెద్ద ల్యాబ్‌కు స్వయంగా తీసుకెళ్లారు. అక్కడి కెమిస్టుకు ఇరవై ఏళ్లుగా ఆయన చేతిరాత తెలుసు, మనిషిని చూడటం అదే మొదటిసారి. బతిమాలితే ఆ రాత్రికి రాత్రి చేసి పెట్టాడు. ఉండదగినదానికి నలభై రెట్లు.

గురువారం విచారణలో మాటలన్నీ రాసుకోవడానికి నన్ను కూర్చోబెట్టారు. అందుకే ఒక్క ముక్క కూడా మరిచిపోలేదు. పై అంతస్తులో పొడుగు గది, ఒకవైపు కిటికీలన్నీ మూసి ఉన్నాయి. వీధివాళ్లు వెనక బెంచీల మీద. చిట్టి గోడకు ఆనుకుని. ఫ్యాక్టరీ తరఫు వకీలు పెద్దాయన, చాలా మర్యాదస్తుడు. మాస్టారిని ఒక్కసారి కూడా ఏకవచనంతో పిలవలేదు.

"ఈ తొంభై ఆరు నివేదికల మీద సంతకం మీదేనా అండీ?"

"నాదే."

"శాంపిళ్లు మీరే తీశారా?"

"నేనే తీశాను. కానీ అవి పనికొచ్చేవి కావండీ. ఖాళీ వదిలి నింపాను. అది ఎగిరిపోతుందండీ."

"ఖాళీ వదలమని ఎవరు చెప్పారు?"

"రూల్లో ఉంది."

"మీరు ఎప్పుడైనా రూలు తప్పారా?"

"లేదండీ."

"ఒక్కసారి కూడా?"

ఆయన వెనక బెంచీ వైపు చూశారు. "లేదండీ."

తరవాత ఆయన జేబులోంచి ఆ నలభై రెట్ల కాగితం తీసి ఇచ్చారు. వకీలు దాన్ని చదివి, ఎంతో జాగ్రత్తగా మడత పెట్టి బల్ల మీద ఉంచాడు.

"ఇది ముందుగా నోటీసు ఇచ్చి తీసిందా?"

"కాదండీ."

"రెండో అధికారి సంతకం ఉందా?"

"లేదండీ."

"ఆ బావిలో నీళ్లు తాగేది మీ చెల్లెలుగారు. నిజమేనా?"

"నిజమే."

"అంటే, రూలు ప్రకారం తీసిన తొంభై ఆరు సీసాలు లేదంటున్నాయి. రూలు లేకుండా తీసిన ఒక సీసా ఉందంటోంది. సరే, ఉందనే అనుకుందాం. అప్పుడు కూడా అది నెల కిందటి నుంచే ఉన్నట్టు. అంతకుముందు లేదని ప్రభుత్వమే చెబుతోంది. మా షెడ్డు తీసేసి రెండేళ్లయింది. ఇక మాకేమిటి సంబంధం?"

విచారణ అధికారి మాస్టారి వైపు చూశాడు. చెడ్డవాడు కాదు. ఇంకేమైనా చెబుతారేమోనని కాసేపు ఆగాడు కూడా.

"ముక్కు మోసం చెయ్యలేదండీ" అన్నారు మాస్టారు. ఆ మాట ఎందుకన్నారో ఆ గదిలో ముగ్గురికే తెలుసు. అది రాయాలా వద్దా అని అధికారి వైపు చూశాను. వద్దన్నట్టు చెయ్యి ఊపాడు.

మెట్ల దగ్గర చిట్టి రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టు దిగుతోంది. ఆయన కిందకు వెళ్లి నిలబడ్డారు.

"ఊరుకో అన్నయ్యా. నువ్వేం కావాలని చేశావా?"

"మొయ్యొద్దన్నది నేనే కదా చిట్టీ."

"మోసీ మోసీ నడుం పోయేది. ఏదో ఒకటి పోయేదిలే" అంది ఆవిడ. నవ్వించడానికే అంది. ఆవిడ తిట్టి ఉంటే ఆయనకు కొంచెం తేలికగా ఉండేదేమో.

ఆ మర్నాటి నుంచి ఆయన సైకిలుకు రెండువైపులా డబ్బాలు కట్టుకుని రైలుగేటు కుళాయి నుంచి చెల్లెలికి నీళ్లు మోయడం మొదలుపెట్టారు. ఆఫీసుకు వచ్చేముందు ఒకసారి, వెళ్లేముందు ఒకసారి.

"చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదేరా" అన్నారు డ్రైవరుతో.

మామూలుగా అయితే వాడు ఏదో ఒకటి అనేవాడు. ఆ రోజు డబ్బాలు దించి పెట్టాడు, అంతే.

ఒకటో తేదీన కొత్త సీసాలు వచ్చాయి. బొటనవేలంత, రబ్బరు మూతతో. మంచు డబ్బా వచ్చింది. మాస్టారు వాటిని తీసుకుని ఫ్యాక్టరీ కాలువ దగ్గర నింపి వచ్చారు, బుడగ లేకుండా. షెడ్డు పోయిన కాలువలో ఏముంటుంది? కనపడలేదనే వచ్చింది, ఈసారి నిజంగానే. ఆ బావి దగ్గరకు మాత్రం వెళ్లడానికి లేదు. ఫైలు మూసెయ్యమని విచారణ అధికారి అప్పటికే చెప్పేశాడు, తీర్పు టైపు కావడమే తరువాయి. బావిని నెలవారీ జాబితాలోంచి తీసేశారు.

ఆ తీర్పు చిత్తుప్రతి నా దగ్గరికి వచ్చిన రోజు సాయంత్రం ఆయన నా ఎదురు కుర్చీలో కూర్చున్నారు. మిగిలిన సెలవులన్నీ కలిపి రిటైర్మెంటు దాకా పెట్టేసుకున్నారు, ఆ కాగితం నా బల్ల మీదే ఉంది. మర్నాటి నుంచి రారని నాకు తెలుసు. పని అయ్యాక ఏదైనా మాట్లాడదామనుకున్నాను. కొడుతూ ఉన్నాను.

"నా గురించి ఏం రాశారు అమ్మాయ్?"

"ఏముంటుంది మాస్టారూ, మామూలే."

"చదువు."

చదివాను. "సదరు శాంపిళ్లు గత ఎనిమిది సంవత్సరములుగా ఎట్టి లోపమూ లేకుండా నియమానుసారము తీయబడినవి. తీసిన ఉద్యోగి నిజాయితీని గాని, శ్రద్ధను గాని శంకించుటకు ఏ కారణమూ కనిపించుట లేదు."

"ఇంకోసారి చదువు" అన్నారు.

ఇంకోసారి చదివాను. ఇంకా రెండు లైన్లు మిగిలి ఉన్నాయి, ఫైలు మూసివేయవలసిందిగా అన్నవి. వాటిని కొట్టడం మొదలుపెట్టాను. కుర్చీ జరిగిన చప్పుడు వినపడింది. వెనక్కి ఆనుకున్నారేమో అనుకున్నాను. రెండు లైన్లూ పూర్తిచేసి, తప్పులున్నాయేమో చూసుకుని తలెత్తేసరికి ఎదురుగా ఎవరూ లేరు. వసారాలో ఖాళీ డబ్బాలు సైకిలుకు కొట్టుకుంటున్న చప్పుడు, గేటు దాకా, గేటు దాటి.